ప్లేగు తెచ్చే ముసలి దొర: పాట్రిక్ గెడ్డెస్ కథ

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే స్కాట్లాండ్‌లో ఉన్న మనవాళ్లం చేసే మొదటి పని వాళ్లను ఎడిన్‌బరో కోటకు తీసుకెళ్లడం. కోట చూసి రాయల్ మైల్ వెంట కిందికి నడుస్తుంటే, ఎడమ పక్కన గోపురం ఉన్న ఒక ఎత్తైన మేడ కనిపిస్తుంది. పిల్లలు అక్కడ ఆగిపోతారు. లోపల అద్దాల చిట్టడవి, కళ్లను మోసం చేసే బొమ్మలు, పై అంతస్తులో చీకటి గది. ఆ గదిలో బల్ల మీద ఊరంతా కదులుతూ కనిపిస్తుంది. కెమెరా అబ్‌స్క్యూరా అంటారు దాన్ని. టికెట్టు ధర చూసి నాన్నగారు ఒక్క క్షణం రూపాయల్లోకి లెక్క వేసుకుంటారు. అది మామూలే.

మా నాన్నగారు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో చదివారు. ఆ కాలేజీ మెట్ల గురించి చెప్పడం మొదలుపెడితే ఇక ఆపరు. ఆయన్ను ఆ చీకటి గదిలోకి తీసుకెళ్లిన రోజున ఆయనకూ నాకూ తెలియని సంగతి ఒకటుంది. ఆ మేడను 1892లో చేతిలోకి తీసుకుని జనానికి పాఠశాలగా మార్చిన మనిషే, ముప్పై ఏళ్ల తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎక్కడ కట్టాలో చూసి చెప్పడానికి హైదరాబాదు వచ్చాడు. ఆయన పేరు పాట్రిక్ గెడ్డెస్. చదువుకున్నది జీవశాస్త్రం, జీతం తీసుకున్నది వృక్షశాస్త్రానికి, జీవితమంతా పట్టుకు వేలాడింది సమాజశాస్త్రాన్ని. ఊరు, నీరు, చెట్టు, మనిషి అన్నీ ఒకే కథలోని పాత్రలని పర్యావరణం అనే మాట ఇంకా జనం నోట పడకముందే చెప్పి, చెప్పడంతో ఆగకుండా చీపురు పట్టుకున్నవాడు.

గెడ్డెస్ 1854 అక్టోబరు 2న స్కాట్లాండ్ కొండప్రాంతంలోని బాలటర్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో పనిచేసినవాడు. పెరిగింది పెర్త్‌లో (ఆస్ట్రేలియా పెర్త్ కాదు, దానికి పేరిచ్చిన అసలు పెర్త్). కొండ వాలు మీద చిన్న ఇల్లు, ఇంటి చుట్టూ తోట, కింద టే నది. తండ్రితో కలిసి పాదులు తవ్వడమే ఆయనకు మొదటి చదువు. కొన్నాళ్లు బ్యాంకులో గుమాస్తాగా కూర్చోబెట్టారు. కుదరలేదు. వృక్షశాస్త్రం చదువుతానని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరి వారం తిరక్కుండానే బయటికొచ్చేశాడు. ఎండబెట్టిన మొక్కలకు పేర్లు వల్లెవేయించే ఆ పద్ధతి ఆయనకు నచ్చలేదు. నేరుగా లండన్ వెళ్లి, డార్విన్ పక్షాన ఊరూరా వాదిస్తున్న థామస్ హక్స్‌లీ దగ్గర శిష్యుడిగా చేరాడు. అక్కడ ఉన్న రోజుల్లోనే, పనిచేస్తున్న ప్రయోగశాలకు ఒకనాడు డార్విన్ వస్తే ఆ ముసలాయన్ను దగ్గర నుంచి చూశాడు కూడా.

తర్వాత ఫ్రాన్స్. అక్కడ ఫ్రెడరిక్ ల ప్లే అనే ఆలోచనాపరుడి మాటలు చెవిన పడ్డాయి. కూలివాళ్ల కుటుంబాలను, వాళ్ల ఆదాయవ్యయాలను, వాళ్లు బతికే చోటును కలిపి చదవాలనేవాడు ల ప్లే. చోటు, పని, జనం అనే మూడు ముక్కల లెక్క గెడ్డెస్ మనసులో అలా పడింది. చచ్చేదాకా వదల్లేదు.

1879లో మొక్కలు, శిలాజాలు సేకరించడానికి మెక్సికో వెళ్లాడు. అక్కడ కళ్లు పోయాయి. ఎందుకో వైద్యులకు సరిగా అంతుపట్టలేదు. కళ్లకు గంతలు కట్టి, వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడు, సూక్ష్మదర్శినే బతుకుతెరువు అనుకున్నవాడు, గోడలు తడుముకుంటూ గడిపాడు. ఒకరోజు కిటికీ దగ్గర అద్దాల మధ్య ఉన్న చట్రాన్ని వేళ్లతో తడుముతుంటే, ఈ గడుల్లో ఒక్కో విషయాన్ని పెట్టి, ఏది దేనితో కలుస్తుందో చూడవచ్చు కదా అనిపించింది. అప్పటి నుంచి కాగితాన్ని గడులుగా మడిచి ఆలోచించడం ఆయనకు అలవాటైపోయింది. చూపు తిరిగొచ్చింది గానీ గంటల తరబడి సూక్ష్మదర్శినిలో చూసే శక్తి మాత్రం రాలేదు. ప్రయోగశాల పోగొట్టుకున్నవాడికి వీధే ప్రయోగశాల అయింది.

ఆనాటి ఎడిన్‌బరో పాతబస్తీ ఇప్పుడు మనం ఫొటోలు దిగే పాతబస్తీ కాదు. డబ్బున్నవాళ్లంతా లోయకు అవతల కట్టుకున్న కొత్త ఊరికి వెళ్లిపోయారు. వెనకాల మిగిలింది ఆరేడు అంతస్తుల పాత మేడలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం, మెట్ల మీదే మురుగు. నగరపాలక పెద్దలకు తెలిసిన మందు ఒక్కటే. కూలగొట్టడం. కూలగొట్టినచోట ఉన్నవాళ్లు పక్క సందులోకి చేరి, అక్కడి ఇరుకును ఇంకా పెంచేవాళ్లు.

1886లో గెడ్డెస్ ఆనా మోర్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు. లివర్‌పూల్ వర్తకుడి కూతురు, జర్మనీలో సంగీతం నేర్చుకున్న మనిషి. కొత్త ఊళ్లో మంచి వీధిలో కాపురం పెట్టిన ఆ దంపతులు, ఏడాది తిరిగేసరికి పాతబస్తీలో జేమ్స్ కోర్ట్ అనే లోగిలిలోకి మారిపోయారు. అప్పటికి ఆవిడ గర్భవతి. పేదల మీద జాలితో వారానికోసారి రొట్టెలు పంచి వెళ్లే దొరసానులు అప్పట్లో చాలామందే ఉన్నారు. వీళ్లు వెళ్లింది అక్కడే బతకడానికి. సున్నం బక్కెట్లు తెచ్చారు. మెట్లు కడిగారు. కిటికీల దగ్గర పూలకుండీలు పెట్టారు. ముందు తమ వాకిలి, తర్వాత పక్కవాళ్లది, ఆ తర్వాత పక్కవాళ్లే బక్కెట్టు అడగడం మొదలుపెట్టారు. మరీ పాడైన ఇంటిని పడగొట్టి, అది ఉన్నచోటును ముంగిలిగా వదిలి, చుట్టూ మిగిలిన ఇళ్లకు గాలీ వెలుతురూ తగిలేలా చేశారు. వైద్యుడు పుండు పడిన ముక్కను మాత్రమే కోసి, ఒంట్లో తక్కినదంతా కాపాడినట్టు ఊరికి చేసే ఈ వైద్యాన్నే గెడ్డెస్ తర్వాత కన్సర్వేటివ్ సర్జరీ అన్నాడు. మన ఊళ్లలో రోడ్డు వెడల్పు పేరుతో ఇళ్ల ముందు ఎర్ర రంగు గీతలు గీసి వెళ్లే రోజులు చూసినవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

విద్యార్థులను కూడా ఆ పాతబస్తీలోకే తెచ్చాడు. 1887లో అక్కడ మొదలుపెట్టిన హాస్టల్‌ను విద్యార్థులే నడుపుకునేవారు, వార్డెన్ లేడు. కోట పక్కన ఎర్ర కప్పులతో, తెల్ల గోడలతో బొమ్మరిల్లులా కనిపించే రామ్సే గార్డెన్ కూడా ఆయన కట్టించిందే. అధ్యాపకులు, కళాకారులు పేదల బస్తీకి ఇరుగుపొరుగుగా ఉండాలని ఆయన కోరిక. కోరిక మంచిదే, లెక్కలే రావు. ఒక మేడ మీద అప్పు తెచ్చి ఇంకో మేడ కొనడం, దాని మీద అప్పుతో మూడోది బాగుచేయించడం. పుట్టింటి నుంచి ఆనాకు వచ్చిన డబ్బు కూడా అందులోకే పోయింది. చివరికి 1896లో మిత్రులు కలిసి ఒక సంస్థ పెట్టి, ఆ ఆస్తులను దాని కిందికి తెచ్చి ఆయన్ను దివాలా నుంచి గట్టెక్కించారు. మన ఇళ్లలో ఇలాంటి పెద్దమనిషి ఒకడు ఉంటే ఆ ఇంటి ఆడవాళ్ల అవస్థ ఏమిటో ఊహించుకోవచ్చు. ఆనా డబ్బు లెక్కలు చూసింది, అతిథులను చూసింది, ముగ్గురు పిల్లలను పెంచింది, వేసవి బడులు నడిపింది. గెడ్డెస్ గురించి రాసేవాళ్లు ఆవిడకు ఇచ్చే చోటు ఎప్పుడూ తక్కువే.

ఇల్లు గడిచింది మాత్రం డండీలో దొరికిన ఆచార్య పదవి వల్ల. ఎడిన్‌బరోలో వృక్షశాస్త్ర పీఠం తనకు రాకపోతే, మార్టిన్ వైట్ అనే సంపన్న మిత్రుడు 1888లో డండీ కాలేజీలో ఒక పీఠం ఏర్పాటు చేయించాడు. ఏడాదిలో వేసవి మూడు నెలలు పాఠం చెబితే చాలు. తక్కిన తొమ్మిది నెలలు ఆయన ఇష్టం. ఆ ఉద్యోగంలో 1919 దాకా ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నాడు. అదే మార్టిన్ వైట్ ఇచ్చిన డబ్బుతో లండన్‌లో సమాజశాస్త్రానికి పీఠం పెట్టినప్పుడు, 1907లో, అది గెడ్డెస్‌కు కాకుండా హాబ్‌హౌస్‌కు దక్కింది. గెడ్డెస్ ఉపన్యాసం గడ్డంలోకి గొణిగినట్టు ఉంటుందనీ, ఒక మాటలోంచి పది మాటల్లోకి వెళ్లిపోతాడనీ విన్నవాళ్లు చెప్పేవారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడితే మాత్రం మనిషి మంత్రం వేసినట్టు కట్టిపడేసేవాడట.

ఆ మేడ సంగతికి వస్తాను. దానికి ఔట్‌లుక్ టవర్ అని పేరు పెట్టాడు. వచ్చినవాళ్లను ముందు పైకి ఎక్కించి, చీకటి గదిలో ఊరంతా చూపించేవాడు. తర్వాత ఒక్కో అంతస్తు దిగుతుంటే ఎడిన్‌బరో, స్కాట్లాండ్, ఇంగ్లిషు మాట్లాడే దేశాలు, ఐరోపా, అన్నిటికంటే కింద ప్రపంచం. నీ వీధిని చూడటం నేర్చుకున్నాకే ప్రపంచంలోకి దిగాలని ఆ మెట్ల అర్థం. పర్యావరణ ఉద్యమాలవాళ్లు ప్రపంచమంత ఆలోచించి మన వీధిలో పని చేయాలని చెప్పే నినాదానికి మూలం ఈయనే అంటారు. ఆ మాటలు అచ్చంగా ఆయన పుస్తకంలో లేవు గానీ, భావం మాత్రం ఆయనదే.

ఇంకో బొమ్మ గీసేవాడు. కొండ మీద నుంచి సముద్రం దాకా ఒక నది లోయను నిలువుగా కోసినట్టు. పైన గనివాడు, అడవిలో కట్టెలు కొట్టేవాడు, వేటగాడు, దిగువన గొర్రెల కాపరి, మెట్ట రైతు, తోటమాలి, చివర్న బెస్తవాడు. ఏ చోటు ఏ పని నేర్పిందో, ఆ పని ఎలాంటి మనుషులను చేసిందో ఆ బొమ్మలో చూపేవాడు. కిందనున్న పట్నం తెలుసుకోవాలంటే పైనున్న కొండ తెలియాలి. ఈ బొమ్మను నల్లమల నుంచి హంసలదీవి దాకా కృష్ణ వెంట గీసి చూడండి. చెంచులతో మొదలై, గొల్లలను, మెట్ట రైతులను, డెల్టా వరి మళ్లను దాటుకుంటూ పల్లెకారుల దగ్గర ఆగుతుంది.

1903లో లండన్‌లో విక్టర్ బ్రాన్‌ఫర్డ్‌తో కలిసి సమాజశాస్త్ర సంఘం పెట్టాడు. నగరాలను చదవడం ఎలాగో చూపే ప్రదర్శన ఒకటి తయారుచేసి ఊరూరా తిప్పాడు. పటాలు, ఫొటోలు, నమూనాలు ఏళ్ల తరబడి కూడబెట్టినవి. 1914లో మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్లాండ్ పిలుపు మీద ఆ ప్రదర్శనను ఓడకెక్కించి, పెద్దకొడుకు అలాస్‌డేర్‌తో తాను వేరే ఓడలో బయల్దేరాడు. యాభై తొమ్మిదేళ్లు దాటి అరవై నడుస్తున్న వయసు. ఆ ఏడు సెప్టెంబరులో మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మనవాళ్లకు కథల్లో తెలుసు. అదే ఎమ్డెన్ అక్టోబరులో ఆ పెట్టెలన్నీ ఉన్న క్లాన్ గ్రాంట్ ఓడను ముంచేసింది. ఇరవై ఏళ్ల కష్టం సముద్రం పాలైంది. గెడ్డెస్ దుఃఖిస్తూ కూర్చోలేదు. స్వదేశంలో మిత్రులకు తంతులు పంపితే, వాళ్లు కొత్త పటాలు పోగుచేసి పంపారు. 1915 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్‌లో ప్రదర్శన తెరిచారు.

తర్వాత నాలుగైదేళ్లు ఆయన ఇండియా అంతా నడిచాడు. నడవడం అనే మాట ఊరికే అనడం లేదు. ఊరికి వెళ్లగానే ఇంజనీరు గదిలో నక్షా ముందు కూర్చోకుండా, తెల్లవారకముందే సందుల్లో పడేవాడు. తంజావూరు, మదురై, లక్నో, లాహోరు, బరోడా, నాగపూరు, ఢాకా... యాభై దాకా ఊళ్లకు నివేదికలు రాశాడు. చాలాచోట్ల మునిసిపల్ ఇంజనీరు బస్తీ మధ్యలోంచి సూటిగా ఒక పెద్ద రోడ్డు గీసి ఉంచేవాడు. ఆ గీత కింద ఎన్ని ఇళ్లు పోతాయో, ఎన్ని గుళ్లు, రచ్చకట్టలు పోతాయో గెడ్డెస్ లెక్కపెట్టి చెప్పేవాడు. పడిపోయిన ఇంటి ఖాళీజాగాలను కలిపి, అడ్డుగా ఉన్న ఒకటి రెండు గోడలు తీసి, ఒక రావిచెట్టు నాటితే అదే పని చాలా తక్కువ డబ్బుతో అవుతుందని పటం వేసి చూపేవాడు.

చెరువుల విషయంలో ఆయన పడిన గొడవ ఇప్పుడు చదివితే నిన్నటిదిలా ఉంటుంది. మలేరియా వస్తోందని ఊరి చెరువులు, బావులు పూడ్చేయమని ఆరోగ్యాధికారులు ఉత్తర్వులిస్తున్న కాలం అది. గెడ్డెస్ అడ్డం తిరిగాడు. చెరువు వానకాలం వరదను మింగుతుంది, ఎండాకాలం ఊరిని చల్లబరుస్తుంది, బావుల్లో నీరు నిలుపుతుంది. దోమల కోసమైతే శుభ్రం చేసి చేపల్ని, బాతుల్ని వదలండి, అవి పిల్లదోమలను తినేస్తాయి అని రాశాడు. పూడ్చిన చెరువుల మీద లేచిన కాలనీల్లోకి 2015లో చెన్నైలో, 2020లో హైదరాబాదులో నీళ్లొచ్చినప్పుడు వాట్సాప్‌లో వీడియోలు చూస్తూ మనం ఇక్కడ కూర్చుని ఎంత కంగారుపడ్డామో గుర్తుందిగా. కోట్లు పోసి భూమి కింద మురుగు గొట్టాలు వేసే పథకాలను కూడా ఆయన ప్రశ్నించాడు. ఆ మురుగు తోటలకు ఎరువుగా పోతే ఊరికి కూరగాయలు వస్తాయి కదా అనేవాడు. ఇంజనీర్లకు ఆయన పొడ గిట్టేది కాదు.

ఇందోర్ కథ మాత్రం తీరిగ్గా చెప్పాలి. హోల్కర్ దర్బారు పిలుపు మీద 1917లో అక్కడికి వెళ్లాడు. ఊళ్లో ప్లేగు. మామూలుగానే సందులు తిరుగుతూ నోట్సు రాసుకుంటున్నాడు. తనను చూడగానే జనం భయంగా తప్పుకోవడం, తల్లులు పిల్లలను లోపలికి లాక్కోవడం గమనించి, ఏమిటని వెంట ఉన్నవాళ్లను అడిగాడు. ప్లేగు తెచ్చే ముసలి దొర అంటున్నారని తేలింది. అందులో తప్పేముంది? కాగితాలు పట్టుకుని దొర వచ్చాడంటే, వెనకాల ఇళ్లు కూలగొట్టేవాళ్లు వస్తారని వాళ్లకు అనుభవం.

గెడ్డెస్ పాలకుల దగ్గరికి వెళ్లి, ఒక్కరోజు నన్ను మహారాజును చేయండి అని అడిగాడు. ఒప్పుకున్నారు. రాబోయే దీపావళికి ఇంతకుముందెన్నడూ లేని ఊరేగింపు జరుగుతుందని చాటింపు వేయించాడు. అది ఏ వీధుల గుండా వెళుతుందో ముందుగా చెప్పలేదు. ఏ వీధివాళ్లు ఇళ్లు బాగుచేసుకుని, చెత్త ఎత్తి, శుభ్రంగా ఉంచుకుంటారో ఆ వీధుల్లోకే వస్తుందన్నాడు. హిందూ వీధులా ముస్లిం వీధులా అన్న తేడా లేదన్నాడు. ఇక ఊళ్లో పోటీ పుట్టింది. సున్నాలు వేశారు, బండ్ల కొద్దీ చెత్త ఊరి బయటికి పోయింది, ఎలుకలను పట్టారు.

పండగ రోజున ఊరేగింపులో ముందు పంటలు, పశువులు, ఏనుగులు, గుర్రాలు. తర్వాత వికారంగా చేసిన రోగాల రాక్షసులు, కూలిపోతున్న ఇళ్ల బొమ్మలు, భారీ దోమలు, అన్నిటికంటే పెద్దది ప్లేగు ఎలుక. వాటి వెనక ఊరిని ఊడ్చే పాకీవాళ్లు, ఒంటి మీద తెల్లటి కొత్త బట్టలు, చీపుర్లకు పూలదండలు. ఏడాది పొడుగునా ఎవరి నీడ తగిలినా పక్కకు తప్పుకునేవారో వాళ్లు ఆ రోజు నడివీధిలో నడిచారు. ఆ వెనక ఇందోర్ నగరాన్నే దేవతగా చేసి ఊరేగించారు. ఆవిడ చేతిలో కొత్త ఊరి పటం ఉంది. ఇంటింటికీ తులసి మొక్కలు పంచారు. చీకటి పడ్డాక రాక్షసుణ్ణి, ఎలుకను దహనం చేశారు. మర్నాటి నుంచి అవే సందుల్లో ముసలి దొర నడిస్తే పిల్లలు వెంటపడ్డారు. ఆ ఊళ్లో ఆ ఏడు ప్లేగు తగ్గింది. కాలం మారడం వల్ల తగ్గిందో ఎలుకలు పోవడం వల్ల తగ్గిందో నేను తేల్చలేను. జనానికి మాత్రం ఊడ్చడమే పూజ అని ఒక్క పండగలో చెప్పగలిగాడు. మన పండగను మనకంటే బాగా అర్థం చేసుకున్నాడేమో అనిపిస్తుంది నాకు.

ఈ సంబరం జరిపించిన మనిషి ఇంట్లో ఆ ఏడు ఏం జరిగిందో తెలిస్తే ఒళ్లు జలదరిస్తుంది. 1917 ఏప్రిల్లో అలాస్‌డేర్ ఫ్రాన్స్ యుద్ధరంగంలో చనిపోయాడు. బెలూన్ లోంచి శత్రువుల కదలికలు చూసి చెప్పే దళంలో ఉండేవాడు. తండ్రి పనికి వారసుడవుతాడని అందరూ అనుకున్న కొడుకు. కబురు వచ్చేసరికి ఆనా జబ్బుతో మంచం మీద ఉంది. ఆవిడకు చెప్పలేదు. కొడుకు పాత ఉత్తరాలు చదివి వినిపిస్తూ రోజులు గడిపాడు. జూన్‌లో కలకత్తాలో ఆవిడ కూడా పోయింది, కొడుకు లేడని తెలియకుండానే. ఆ వేసవిలోనే డార్జిలింగ్‌లో నడపాల్సిన వేసవి బడిని గెడ్డెస్ నడిపాడు. దీపావళికి ఇందోర్‌లో ఉన్నాడు. పని చేస్తేనే ఆ మనిషి నిలబడగలిగాడనుకోవాలి.

జగదీశ్ చంద్ర బోసు, రవీంద్రనాథ్ ఠాగూరు ఆయనకు దగ్గరి మిత్రులు. బోసు జీవిత చరిత్రను 1920లో పుస్తకంగా తెచ్చింది గెడ్డెసే. చిన్నకొడుకు ఆర్థర్ శ్రీనికేతన్‌లో పనిచేశాడు. సోదరి నివేదిత అయితే ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచే పరిచయం. 1918లో హిందీ సాహిత్య సమ్మేళనానికి గాంధీ ఇందోర్ వస్తే, ఆ సభ ఏర్పాట్లను విమర్శిస్తూ గెడ్డెస్ ఉత్తరం రాశాడు, గాంధీ ఓపిగ్గా జవాబిచ్చాడు.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయం సమాజశాస్త్రం, పౌరశాస్త్రం విభాగం తెరిచి ఆయన్ను తొలి ఆచార్యుడిగా పెట్టుకుంది. అరవై అయిదేళ్ల వయసులో మొదటిసారి, తనకు ఇష్టమైన శాస్త్రం పేరుతో ఉద్యోగం. అదీ స్వదేశంలో కాదు, మన దేశంలో. అక్కడి నుంచి పైచదువుకు ఇంగ్లండ్ వెళ్లిన జి.ఎస్. ఘుర్యే తిరిగొచ్చి 1924లో ఆ విభాగం బాధ్యత తీసుకున్నాడు. కానీ ఘుర్యే దారి కులం, బంధుత్వం వైపు వెళ్లింది. నది లోయలు, చెరువులు, అడవులతో కలిపి సమాజాన్ని చదివే దారిని లక్నోలో రాధాకమల్ ముఖర్జీ పట్టుకున్నాడు. ఆయన 1916లో రాసిన భారత ఆర్థిక వ్యవస్థ పుస్తకానికి గెడ్డెస్ ముందుమాట రాసి ఉన్నాడు. అమెరికాలో లూయిస్ మంఫర్డ్ ఈయన పుస్తకాలు చదివి శిష్యుడయ్యాడు, కొడుక్కి గెడ్డెస్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. 1923లో న్యూయార్క్‌లో ముఖాముఖి కలిసినప్పుడు మాత్రం ఇద్దరికీ పొసగలేదు. పోయిన కొడుకును గెడ్డెస్ ఈ కుర్రాడిలో వెతుక్కున్నాడు. అంత బరువు మోయడం మంఫర్డ్ వల్ల కాలేదు.

ఆయన్ను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. జె. ఆర్థర్ థామ్సన్‌తో కలిసి 1889లో రాసిన పుస్తకంలో ఆడవాళ్ల స్వభావం, మగవాళ్ల స్వభావం జీవకణాల్లోనే వేరని వాదించాడు. ఆడవాళ్లకు ఓటు ఇచ్చినా ఆ తేడా పోదన్నట్టు రాశాడు. ఇంటిని, అప్పులను, వేసవి బడులను ఆనా నెత్తిన పెట్టుకుని నడుపుతుంటే ఆ మాట రాయడం ఎలా సాధ్యమైందో. ఇండియాలో పనిచేసిందీ గవర్నర్లు, మహారాజుల పిలుపు మీదే. వాళ్ల అధికారాన్ని ప్రశ్నించకుండా వాళ్ల ఇంజనీర్లనే ప్రశ్నించాడు. అందుకే ఆయన నివేదికలు చాలావరకు బీరువాల్లో ఉండిపోయాయి. పాలస్తీనాలో బ్రిటిషు పాలన కింద జెరూసలేం విశ్వవిద్యాలయానికి, 1925లో టెల్ అవీవ్‌కు గీసిన పటాల గురించి ఇప్పటికీ వాదనలున్నాయి. టెల్ అవీవ్ మాత్రం చాలావరకు ఆయన గీసినట్టే పెరిగింది.

మన తెలుగు నేలకు ఆయన మిగిల్చింది రెండు చోట్ల కనిపిస్తుంది. మద్రాసు ప్రదర్శన, ఆ తర్వాత జరిగిన చర్చల కాలంలోనే రూపుదిద్దుకున్న మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనివే. రాష్ట్రం విడిపోయినా, కలిసినా, మళ్లీ విడిపోయినా ఆ 1920 చట్టమే పేరు మార్చుకుంటూ ఇటు ఆంధ్రలోనూ అటు తెలంగాణలోనూ వచ్చింది. ఊళ్లో ఇల్లు కట్టడానికి ఇక్కడి నుంచి ఫోన్ల మీద ప్లాన్ అప్రూవల్ కోసం తంటాలు పడినవాళ్లు ఆ చట్టం పేరు కాగితాల మీద చూసే ఉంటారు. పేరు నిలిచింది గానీ ఆ దొర పెట్టిన షరతు, కూల్చేముందు నడిచి చూడాలన్నది, అందులో ఎక్కడా లేదు.

రెండోది ఉస్మానియా. 1918లో మొదలైన విశ్వవిద్యాలయం అద్దె భవనాల్లో నడుస్తోంది. 1923లో నిజాం ప్రభుత్వం గెడ్డెస్‌ను పిలిపించింది. కొత్త ప్రాంగణానికి అనువైన స్థలాలను ఆయన చూశాడు. చివరికి అడిక్‌మెట్ దగ్గరి రాతి నేల, గుట్టల చోటు ఖాయమైంది. భవనాల నక్షాలు గీసింది బెల్జియం నుంచి వచ్చిన జాస్పర్.

ఆరోగ్యం చెడి గెడ్డెస్ 1924లో బొంబాయి వదిలాడు. దక్షిణ ఫ్రాన్స్‌లో మాంట్‌పెలియర్ దగ్గర రాళ్ల గుట్ట ఒకటి కొని, తోట వేసి, దేశదేశాల విద్యార్థులు ఉండి చదువుకునేందుకు ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ అప్పులు. 1928లో రెండో పెళ్లి చేసుకున్నాడు. ఎప్పుడో ఒకసారి వద్దన్న సర్ బిరుదును 1932లో తీసుకున్నాడు. దాని కోసం లండన్ చలిలో తిరిగి వచ్చిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 17న మాంట్‌పెలియర్‌లో కన్నుమూశాడు. డెబ్బై ఏడేళ్లు.

ఉస్మానియా ప్రాంగణానికి నిజాం శంకుస్థాపన చేసింది 1934 జులైలో. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచింది 1939లో.

ఈ సంగతులన్నీ మా నాన్నగారికి ఫోన్‌లో చెప్పాను. కాసేపు ఊరుకుని, ఆ చీకటి గది ఉన్న మేడేనా అన్నారు. అవునన్నాను. వచ్చే వేసవికి మళ్లీ వస్తున్నారు. రాయల్ మైల్ మీంచి ఒక సందులోకి తిరిగితే శాండ్‌మన్ హౌస్ తోటలో గడ్డంతో గెడ్డెస్ తల విగ్రహం ఉంది. టికెట్టు లేదు. ముందు అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాను.